నాన్న నమ్మిన వాయిస్ మెసేజ్‌కు నేనేం జవాబు చెప్పాలి?

రుద్రంపూర్ అమ్మాయి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కొంచెం పొడవుగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది కొత్తగూడెం. నాన్న సింగరేణిలో 34 ఏళ్లు చేసి రిటైరయ్యారు. పెళ్లయ్యాక నేను హైదరాబాద్‌లో, మియాపూర్ దగ్గర ఉంటున్నాను. మా పాపకు మొన్ననే 12 నిండాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయించమని పిల్లల డాక్టర్ చెప్పారు. ఆ మాట వినగానే నాకు మా పిన్ని గుర్తొచ్చింది. 49 ఏళ్లకు ఆ క్యాన్సర్‌తోనే పోయింది. ఆఖరి నాలుగు నెలలు ఆమెను కొత్తగూడెం నుంచి హైదరాబాద్‌కి తిప్పింది మా నాన్నే. రైల్లో ఆమె కూర్చోలేకపోతే తన దుప్పటి నాలుగు మడతలు వేసి బెర్తు మీద పడుకోబెట్టేవారు. అలాంటి మనిషి ఇప్పుడు నా కూతురికి ఈ టీకా వద్దంటున్నారు.

కారణం ఒక వాయిస్ మెసేజ్. నాలుగు నిమిషాల పైన ఉంటుంది. ఒకావిడ తెలుగులో మాట్లాడుతుంది. తాను ఇరవై ఏళ్లు నర్సుగా చేశానని, లోపలి సంగతి చెబుతున్నానని మొదలుపెడుతుంది. ఈ సూది పడ్డ ఆడపిల్లలకు ఇక పిల్లలు పుట్టరట, మన జనాభా తగ్గించడానికి బయటి దేశాల వాళ్లు వేయిస్తున్నారట, డాక్టర్లందరికీ తెలిసినా నోరు విప్పరట. మధ్యలో ఆమె దగ్గుతుంది. వెనక కుక్కర్ విజిల్ వినిపిస్తుంది. ఏడెనిమిది సార్లు విన్నాను. మూడోసారికి నాకే గుండె దడ మొదలైంది. నాన్న అయితే ఆ కుక్కర్ విజిల్ గురించే చెప్పారు. "టీవీల మాట్లాడేటోళ్లకు పైసలిస్తరు బిడ్డా. ఈమె వంటింట్ల నిలబడి చెప్తాంది. ఈమెకేం లాభం?" అన్నారు.

నేను చేసిన పని ఏమిటంటే, ఇంటి గ్రూపులో వరసగా పదకొండు లింకులు పెట్టాను. ఆయన ఒక్కటీ తెరవలేదు. "మన జిల్లాలనే ఆనాడు పిల్లలు సచ్చిపోయిన్రు, నీకు ఎర్కలేదు" అని ఒక్క ముక్క రాశారు. అది కూడా ఎవరో పుట్టించిన కథే అనుకున్నాను. మా ఆయన, మరిది అందరూ ఉన్న గ్రూపులోనే "ఎవరేం చెప్పినా నమ్మేయడమేనా నాన్నా" అనేశాను. ఆ రాత్రి ఆయన గ్రూపులోంచి బయటికి వెళ్లిపోయారు. 19 రోజులైంది, నాకు ఫోన్ చేయలేదు. నేను చేస్తే అమ్మకు ఇచ్చేస్తున్నారు.

మా నాన్న బాబాలను నమ్మే రకం కాదు. జీతం చీటీ ప్రతి నెలా పెన్సిల్‌తో లెక్క వేసి సరిచూసుకున్న మనిషి. ఓసారి 46 రూపాయలు తేడా వస్తే ఆఫీసుకు మూడుసార్లు తిరిగి సరిచేయించుకున్నారు. అలాంటివాళ్లు ఇలాంటివి ఎందుకు నమ్ముతారు? నేనేం చేయాలి? ఇప్పుడు మా ఆయన కూడా "ఒక ఏడాది ఆగితే ఏమైంది" అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.


కూకట్‌పల్లి వాసి:

అక్కా, పెద్దవాళ్లతో వాదించి గెలవలేం. మా ఇంట్లో కరోనా అప్పుడు ఇదే గోల. 5జీ టవర్ల వల్ల జనం చనిపోతున్నారని మా బాబాయి 2021లో రోజూ పంపేవాడు. అప్పటికి మన దేశంలో 5జీ మొదలే కాలేదు, వచ్చింది 2022 అక్టోబర్‌లో. ఆ ఒక్క మాట చెప్పినా వినలేదు. మీరు తల్లి, నిర్ణయం మీది. వేయించేయండి, ఆయనకు చెప్పకండి. అంతే.


పాత ఏఎన్ఎం:

అమ్మా, పైన ఆ బాబు చెప్పినట్టు చెప్పకుండా మాత్రం వేయించకు. ఎందుకో చెబుతాను. నేను ఉమ్మడి ఖమ్మం జిల్లాలోనే ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను.

ముందు ఒక విషయం. మీ నాన్న "మన జిల్లాలో పిల్లలు చనిపోయారు" అన్నది కట్టుకథ కాదు. నువ్వు ఆయనను నలుగురిలో తప్పుపట్టింది సరిగ్గా ఆయన నిజం చెప్పిన చోట.

2009 జులైలో మన ఖమ్మం జిల్లాలో మూడు మండలాల్లో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెంలో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఇదే హెచ్‌పీవీ టీకా వేశారు. పాథ్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ అనే కేంద్ర వైద్య పరిశోధన మండలి, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం. సుమారు 14 వేల మంది పిల్లలు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. గుజరాత్‌లో వడోదర వైపు కూడా ఇలాగే చేశారు. టీకా పడ్డ పిల్లల్లో ఏడుగురు చనిపోయారు, అందులో ఐదుగురు మన వైపు వాళ్లు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేయించింది.

విచారణ కమిటీ వేశారు. ఒక పిల్ల క్వారీ నీళ్లలో మునిగిపోయింది. ఒక పిల్లకు పాము కరిచింది. ఇద్దరు పురుగుల మందు తాగారు. ఒకరు మలేరియా ముదిరి పోయారు. మిగిలిన ఇద్దరి విషయంలో కూడా టీకా వల్లే అనడానికి ఆధారం దొరకలేదు. కాబట్టి టీకా పిల్లలను చంపిందన్నది నిజం కాదు. ఇది నేను గట్టిగా చెప్పగలను.

కానీ ఆ విచారణలోనే ఇంకో సంగతి బయటపడింది. ఈ సూది వేయడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి కదా. పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టేశారు. సూది తర్వాత పిల్లలకు ఏమైనా అయితే పట్టించుకునే ఏర్పాటు కూడా సరిగా లేదని తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని చాలా గట్టిగా తప్పుపట్టింది.

ఇప్పుడు చెప్పు. అడవిలో పోడు చేసుకునే తండ్రికి కూతురు హాస్టల్లో ఉంది. సూది వేశారని ఆ పిల్ల పండక్కి ఇంటికొచ్చినప్పుడు చెబితే తెలిసింది. కొన్నాళ్లకు పక్క ఊళ్లో పిల్ల పోయిందని విన్నాడు. ఎందుకు వేశారని అడగడానికి వెళ్తే చెప్పేవాళ్లు లేరు. ఆ ఖాళీలోకి ఏ కథ వచ్చినా కూర్చుంటుంది. "మన పిల్లల మీద ప్రయోగం చేశారు" అన్న మాట అలా పుట్టింది. "పిల్లలు పుట్టకుండా చేయడానికే" అన్నది దాని మీద మొలిచింది.

నేను పనిచేసింది ఆ మూడు మండలాల్లో కాదు, పక్కన. మా దగ్గర ఆ టీకా వేయనే లేదు. అయినా 2010 ఎండాకాలంలో ఒక కోయగూడెంలో మామూలు తట్టు టీకాకు వెళ్తే ఒకామె నన్ను చూసి పిల్లాణ్ణి చంకనేసుకుని చేలో పడి వెళ్లిపోయింది. ఆరేళ్లుగా నన్ను ఎరిగిన మనిషి, మొదటి కాన్పు నా చేతుల మీదే జరిగింది. ఐస్ బాక్సు గట్టు మీద పెట్టి చింతచెట్టు కింద మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఆమె రాలేదు. మర్నాడు బాక్సు లేకుండా వెళ్లాను. సూది మాట ఎత్తలేదు. ఇప్పపువ్వు ఆరబోస్తుంటే నేనూ కూర్చుని ఏరాను. నాలుగోసారి వెళ్లినప్పుడు ఆమే అడిగింది: "ఆ పిల్లలకు ఏసింది ఇదేనా?" అని. కాదని చెప్పి, ఆ టీకా ఏది, ఇది ఏది, ఎవరెలా చనిపోయారు, నాకు తెలిసినదంతా చెప్పాను. తప్పు జరిగిందని కూడా చెప్పాను. మా డిపార్ట్‌మెంట్ తప్పును నేను ఒప్పుకోగానే ఆమె ముఖంలో బిగువు తగ్గింది. ఆ నెలలోనే టీకా వేయించింది.

జనం మూర్ఖులై నమ్మరమ్మా. పాత దెబ్బ ఉంటుంది. పోలియో చుక్కలప్పుడు ఉత్తరప్రదేశ్‌లో ఎన్నో ఊళ్లు తలుపులు వేసుకున్నాయి, ఇవి పిల్లలు పుట్టకుండా చేసే చుక్కలని. వాళ్ల తాతల్ని ఎమర్జెన్సీలో పట్టుకెళ్లి ఆపరేషన్లు చేశారు మరి. 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. అది మర్చిపోయి చుక్కలు వేయించుకోండి అంటే ఎలా? ఊరి పెద్దలను, మసీదుల్లో ఇమాములను కలుపుకొని ఇంటింటికీ తిరిగి కూర్చుని మాట్లాడాకే దారికొచ్చింది. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజంగా వ్యాపించే పోలియో వైరస్ కేసు రాలేదు.

పాప విషయానికి వస్తే, పిల్లలు పుట్టకుండా చేసేది ఆ క్యాన్సరే. వస్తే చాలామందికి గర్భసంచి తీసేయాలి, లేదా కరెంటు (రేడియేషన్) పెట్టాలి. మన దేశంలో ఏటా లక్షా 20 వేల మందికి పైగా ఆడవాళ్లకు అది వస్తోంది, 80 వేల మంది దాకా పోతున్నారు. మీ పిన్ని అందులో ఒకరు. ఈ మాట మీ నాన్నకు నువ్వు చెప్పనక్కర్లేదు, ఆయనకు నీకంటే తెలుసు.

ముందు వెళ్లి ఆయనకు "మీరు చెప్పింది నిజమే నాన్నా, నాకు తెలియదు" అని చెప్పు. ఫోన్లో కాదు, ఎదురుగా.


రుద్రంపూర్ అమ్మాయి:

అమ్మా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ తోచలేదు. నేను ఆ సంవత్సరాల్లో హైదరాబాద్‌లో ఇంజనీరింగ్‌లో ఉన్నాను. మా ఊళ్లో జరిగింది నాకు తెలియదు. ఆయన తెలిసి చెబితే నేను కొట్టిపారేశాను. ఈ శనివారం కొత్తగూడెం వెళ్తున్నాను.

కానీ ఒక అనుమానం. ఆయన చెప్పిందాంట్లో కొంత నిజమని ఒప్పుకుంటే, మిగతాది కూడా నిజమే అనుకోరా? జనాభా తగ్గించే కుట్ర అనేదాన్ని?


మందుల సంచి:

ఆ అనుమానం సరైనదే. దానికి నేను జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను. నేను పదహారేళ్లు మెడికల్ రెప్‌గా తిరిగాను, ఇప్పుడు గుంటూరులో సొంతంగా మందుల షాపు పెట్టుకున్నాను. కాబట్టి కంపెనీలను వెనకేసుకొచ్చే అవసరం నాకు లేదు. డాక్టర్ గారి టేబుల్ మీద ఏ బహుమతి ఎందుకు పెడతారో నాకు తెలుసు. పెట్టినవాడిని నేనే.

కుట్రలు నిజంగానే జరుగుతాయి. అది ముందు ఒప్పుకోవాలి. అమెరికా గూఢచారులు 2011లో లాడెన్ ఇల్లు కనిపెట్టడానికి అబోటాబాద్‌లో ఒక డాక్టర్‌తో ఉత్తుత్తి టీకా కార్యక్రమం నడిపించారు. ఇంటింటికీ తిరిగి హెపటైటిస్ బి సూదులు వేయించారు. అది బయటపడ్డాక పాకిస్తాన్‌లో పోలియో చుక్కలు వేయడానికి వెళ్లిన ఆడవాళ్లను కాల్చి చంపారు. టీకా పేరుతో గూఢచర్యం ఇక చేయబోమని 2014లో అమెరికా ప్రభుత్వమే చెప్పుకోవాల్సి వచ్చింది. ఎవరో చేసిన మోసానికి ఐస్ బాక్సు భుజాన వేసుకుని తిరిగే చిన్న ఉద్యోగులు బలయ్యారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మన హైదరాబాద్‌లోనే సత్యం కంప్యూటర్స్ కంపెనీని చూడండి. లేని 5 వేల కోట్లకు పైగా నగదు ఉన్నట్టు ఏళ్ల తరబడి లెక్కల్లో చూపించారు. ఆడిటర్లు సంతకాలు పెట్టారు. అది కుట్ర కాక ఏమిటి? అయితే అది ఎలా బయటపడిందో చూడండి. లెక్క పొంతన కుదరలేదు. 2009 జనవరి 7న ఛైర్మనే ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. తర్వాత కోర్టు, కాగితాలు, సాక్షులు, 2015లో శిక్షలు. కొద్దిమంది చేతిలో ఉన్న రహస్యమే కొన్నేళ్లకు మించి దాగలేదు.

ఇప్పుడు ఆ వాయిస్ మెసేజ్ చెప్పే కుట్రను దీని పక్కన పెట్టండి. ఆస్ట్రేలియాలో 2007 నుంచి స్కూలు పిల్లలకు ఈ టీకా వేస్తున్నారు. మొదట వేయించుకున్న పిల్లలకు ఇప్పుడు ముప్పై ఏళ్లు, బిడ్డల్ని ఎత్తుకుని తిరుగుతున్నారు. తమ పిల్లలకు పిల్లలు పుట్టకుండా చేసుకోవాలని ఏ ప్రభుత్వమైనా కుట్ర చేస్తుందా? మన దగ్గర సిక్కింలో 2018 నుంచి స్కూళ్లలో వేస్తున్నారు. పుణెలో మనవాళ్లే ఈ టీకా తయారు చేస్తున్నారు, 2022లో అనుమతి వచ్చింది. "బయటి దేశాల మందు" అన్న మాట అక్కడే తేలిపోతుంది.

మీ నాన్నగారి లాంటి లెక్క మనిషికి నేనైతే జపాన్ సంగతి చెబుతాను. అక్కడ కూడా ఇదే భయం లేచింది. సూది పడ్డ పిల్లలు నడవలేకపోతున్నారని టీవీల్లో చూపించారు. 2013 జూన్‌లో ప్రభుత్వం ఈ టీకా వేయించుకోమని చెప్పడం మానేసింది. నూటికి 70 మంది దాకా వేయించుకునేవాళ్లు కాస్తా ఒక్కరికంటే తక్కువకు పడిపోయారు. అంటే అనుమానం వచ్చిన ప్రభుత్వం ఆపి, ఏళ్ల తరబడి పరిశీలించింది. ఆ లక్షణాలకు టీకా కారణమని తేలలేదు. 2022 ఏప్రిల్ నుంచి మళ్లీ వేయించుకోమని చెబుతోంది. మధ్యలో తొమ్మిదేళ్లు పోయాయి. ఆ తొమ్మిదేళ్లలో టీకా దాటిపోయిన పిల్లల్లో ఎందరికి తర్వాత ఆ జబ్బు వస్తుందో, వదంతి వల్ల జరిగే నష్టం అది. వెంటనే కనబడదు, పదిహేను ఇరవై ఏళ్లకు ఆసుపత్రి వార్డులో కనబడుతుంది.

ఇంకో మాట. ఆ ఆడియోలో నర్సమ్మ ఏ ఆసుపత్రి, ఏ ఊరు, ఏ సంవత్సరం అని ఎక్కడైనా చెప్పిందా? మళ్లీ ఒకసారి వినండి. జీతం చీటీలో 46 రూపాయలు పట్టుకున్న మనిషికి ఆ చూపు ఉంది. ఆ పెన్సిల్ ఈ ఆడియో మీద కూడా పెట్టమని అడగండి. వాదించకండి, అడగండి.


ఊరి బడి:

ఇక్కడ అందరూ నమ్మినవాళ్ల గురించి రాస్తున్నారు. నేను నమ్మి పంపినవాణ్ణి. అందుకే రాస్తున్నాను.

పాలమూరు వైపు ఒక పల్లెలో సర్కారు బడి టీచర్ని. 2018 మే నెల. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయి, కిడ్నీలు తీసి అమ్ముతున్నారు అని రెండు తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ హోరెత్తిపోయింది. కొన్నిచోట్ల పార్ధీ ముఠా అన్నారు, కొన్నిచోట్ల బీహార్ ముఠా అన్నారు. ఒక వీడియో వచ్చేది. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటే బైకు మీద ఇద్దరు వచ్చి ఒక పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. నేను చూశాను. బడిలో చదివే పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో పెట్టి, "దయచేసి పిల్లలను ఒంటరిగా పంపకండి" అని కింద రాశాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

రెండు రోజులకు రాత్రిపూట యువకులు కర్రలు పట్టుకుని ఊరి మొదట్లో కాపలా మొదలుపెట్టారు. మూడో రోజు పొద్దున్నే మా ఊరికి ఏటా వచ్చే గంగిరెద్దులాయనను వేపచెట్టుకు కట్టేశారు. ఎద్దును పక్కన కట్టేశారు. నేను వెళ్లేసరికి ఆయన పెదవి చిట్లి ఉంది. సంచీ దులిపితే బియ్యం, పాత చీరలు, సన్నాయి పడ్డాయి. చిన్నపిల్లల చొక్కా ఒకటి దొరికింది. అదే సాక్ష్యం అన్నారు. ఆ చొక్కా మా ఊరివాళ్లే దానం ఇచ్చి ఉంటారు. నేను అడ్డం పడితే ఒక కుర్రాడు ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. "సార్, వీడియో మీరే కదా పంపింది?" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చివరికి ఒక ముసలామె వచ్చి "సన్నాయి ఊదమనండి, మా ఆయన పోయిననాడు వాకిట్లో ఊదింది ఈయనే" అంది. పెదవి చిట్లినా ఊదాడు. గుర్తుపట్టారు. కట్లు విప్పారు. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు, ఎద్దును తోలుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఏడాది రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

మా ఊళ్లో ప్రాణం పోలేదు, అదే అదృష్టం. ఆ నెలలోనే చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను ఇదే అనుమానంతో కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో సంచార కులానికి చెందిన ఐదుగురిని పంచాయతీ ఆఫీసు గదిలో వేసి కొట్టి చంపారు. ఎక్కడ చూసినా దెబ్బ పడింది ఒంటరిగా, వేరే భాషలో, వేరే వేషంలో ఉన్నవాళ్ల మీదే. తెల్లవాళ్లు 1871లో చట్టం చేసి కొన్ని సంచార తెగలను పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేశారు. స్వతంత్రం వచ్చాక 1952లో అది రద్దయింది. ముద్ర మాత్రం జనం మనసుల్లో ఉండిపోయింది. వాట్సాప్ దానికి రెక్కలు కట్టింది.

ఆ వీడియో అసలుది తర్వాత చూశాను. కరాచీలో పిల్లల భద్రత గురించి జనానికి చెప్పడానికి తీసిన చిన్న సినిమా అది. పూర్తి వీడియోలో బైకువాళ్లు వెనక్కి తిరిగి వచ్చి పిల్లాణ్ణి దింపుతారు, పిల్లాణ్ణి ఎత్తుకుపోవడం ఎంత సులువో చూడండని అట్ట ఎత్తి చూపిస్తారు. ఆ చివరి భాగం ఎవరో కత్తిరించారు. కొన్ని సెకన్ల ముక్క తీసేస్తే జాగ్రత్త చెప్పే వీడియో హత్య చేయించే వీడియో అయిపోయింది.

నేను రెండు వీడియోలూ బడి వరండాలో పక్కపక్కన వేసి తల్లిదండ్రులకు చూపించాను. నేను పంపింది తప్పు అని నా నోటితో చెప్పాను. అప్పట్లో పక్కనున్న గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి గారు డప్పులతో, పాటలతో ఊరూరా పోలీసులను పంపి ఈ వదంతి గురించి చెప్పించారు. ఆ జిల్లాలో ప్రాణం పోలేదు. డప్పు చాటింపు వినే ఊళ్లకు డప్పుతోనే చెప్పాలి, ఇంగ్లీషు లింకులతో కాదు. అదే జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకసారికి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. అది మంచిదే. కానీ మా ఊళ్లో ఆ వీడియో నమ్మింది వాట్సాప్‌ను చూసి కాదు, "సారు పంపాడు" అని.

చెల్లెమ్మా, మీ నాన్నగారికి ఆ ఆడియో ఎవరు పంపారో కనుక్కున్నారా? అక్కడే ఉంటుంది అసలు సంగతి.


రుద్రంపూర్ అమ్మాయి:

కొత్తగూడెం వెళ్లి వచ్చాను. అందరికీ చెప్పాలని రాస్తున్నాను.

వెళ్లగానే నాన్న పేపర్ చదువుతున్నట్టు కూర్చున్నారు. ఎదురుగా కింద కూర్చుని, "మీరు చెప్పింది నిజం నాన్నా, 2009లో జరిగిందట, నాకు తెలియదు. తెలుసుకోకుండా నలుగురిలో అన్నాను" అన్నాను. ఆయన పేపర్ మడిచి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి వెళ్లి అమ్మతో "టీ పెట్టు, బిడ్డ వచ్చింది" అన్నారు.

టీచర్ గారు అడిగిన ప్రశ్న అడిగాను. ఆడియో పంపింది ఆయనతో భూగర్భ గనిలో పనిచేసిన స్నేహితుడు. ఆయన మేనకోడలు ఆ రోజుల్లో హాస్టల్లో ఉందట. ఆ పిల్లకు మూడు సూదులూ పడ్డాయట. ఇంట్లో ఎవరినీ అడగలేదు. ఆ పిల్లకు ఏమీ కాలేదు, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. నేను "మరి పిల్లలు పుట్టారు కదా నాన్నా" అన్నాను. నాన్న కాసేపు ఆలోచించి, "పుట్టిన్రు. కానీ వాళ్లమ్మను ఎవ్వరూ అడగలే కదా బిడ్డా" అన్నారు. గని పైకప్పు కూలినప్పుడు తనతో పాటు తొమ్మిది గంటలు లోపల ఉన్న స్నేహితుడట ఆయన. "వాడు నాకు అబద్ధం పంపడు" అన్నారు. మాకు ఆ తొమ్మిది గంటల సంగతి ఇన్నాళ్లూ తెలియదు. నేను పంపిన పదకొండు లింకుల్లోవి రాసినవాళ్లలో ఆయనకు తెలిసినవాళ్లు ఒక్కరు లేరు.

ఆడియో ఇద్దరం కలిసి విన్నాం. నాన్న పెన్సిల్ తీసుకున్నారు. ఊరు, ఆసుపత్రి, సంవత్సరం, ఆమె పేరు అని పక్కపక్కన గళ్లు గీసుకున్నారు. ఆడియో అయిపోయేసరికి నాలుగు గళ్లూ ఖాళీగానే ఉన్నాయి. ఏమీ అనలేదు. ఇంకోసారి పెట్టమన్నారు. మళ్లీ ఖాళీ.

పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పలేను. జపాన్ సంగతి రెండుసార్లు చెప్పించుకున్నారు. పడుకునే ముందు "నేను కూడా డాక్టర్ దగ్గరికి వస్తా, నా ప్రశ్నలు నేనే అడుగుతా" అన్నారు. వచ్చే ఆదివారం మియాపూర్ వస్తున్నారు. పెన్షన్ కాగితం వెనక మూడు ప్రశ్నలు రాసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఈ మందు ఎక్కడ తయారైంది, సీసా చూపిస్తారా? దీనికి సంతకం ఎవరు పెట్టాలి? అర్ధరాత్రి పిల్లకు జ్వరం వస్తే ఫోన్ ఎవరు ఎత్తుతారు?


పాత ఏఎన్ఎం:

మూడూ మంచి ప్రశ్నలు. 34 ఏళ్లు గనిలో చేసిన మనిషి అడగాల్సినవే అడిగారు.

మూడోదానికి ఇప్పుడే చెబుతాను. కొందరు పిల్లలకు సూది వేసిన చేయి నొప్పి, కొంచెం జ్వరం, ఒకటి రెండు రోజులు ఉంటాయి. సూది వేశాక వెంటనే లేవనీయకు, కనీసం పదిహేను నిమిషాలు అక్కడే కూర్చోబెట్టు, ఆ వయసు పిల్లలకు సూదిని చూసే కళ్లు తిరుగుతాయి. ముందు రోజు రాత్రి బాగా తిననివ్వు. డాక్టర్ గారి దగ్గర రాత్రిపూట ఫోన్ ఎత్తే నంబరు సూది వేయకముందే అడిగి తీసుకోండి. నువ్వు కాదు, మీ నాన్నగారిని తీసుకోమను. ఆయన పెన్సిల్‌తో ఆ కాగితం మీదే రాసుకోమను.

పాపను కూడా కూర్చోబెట్టి చెప్పు. సూది తనది కదా.